చేతి తూకం

మొన్న ఎల్బీ నగర్ నుంచి ఆటోలో వస్తుంటే మా కాలనీ మలుపులో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ చూసి ఆటో ఆపించాను. దశదినకర్మకు రమ్మని మనవలు వేయించిన ఫ్లెక్సీ అది. అందులో ఉన్నావిడ ఎవరో ముందు పోల్చుకోలేకపోయాను. బుగ్గలు ఉబ్బి, భుజాలు రెండు వైపులా సాగి, మెడ అనేదే లేకుండా ఉంది. ముక్కుకు రెండు పక్కలా ఉన్న పుడకలు చూసి గుర్తుపట్టాను. ఫ్లెక్సీ ఏమో వెడల్పు, ఫోటో ఏమో సన్నం. మధ్యలో ఖాళీ మిగలకూడదని షాపువాడు ఫోటోను అటూ ఇటూ పట్టి లాగేసినట్టున్నాడు.

బాధపడాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఆ మనిషి బతికున్నన్నాళ్లూ ఎండిన కందికట్టెలా ఉండేది. పైగా ఎదుటి ప్రాణి ఒంట్లో ఎముకెంత, కండెంత, కొవ్వెంత అన్నది చేత్తో తడిమి చెప్పేది. ఈ ఫ్లెక్సీ చూసి ఉంటే మనవల్ని పిలిచి, "వాపు చూసి బలుపనుకున్నార్ర?" అని అడిగి ఉండేది.

ఆమెకో పేరుంది. మా స్థలం కాగితాల్లో వేలిముద్ర పక్కన రాసి ఉంది. కానీ ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. కాలనీ అంతా పెద్దమ్మ అనేవాళ్లం.

ఎనభైల్లో మేం తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థలం కొనుక్కున్నాం. అప్పటికి దిల్‌సుఖ్‌నగర్ దాటితే ఊరు అయిపోయినట్టే. మా కాలనీలో ఇళ్లకన్నా హద్దురాళ్లు ఎక్కువ. ఆ హద్దురాళ్లు పాతిన నేలంతా రెండేళ్ల ముందు దాకా పెద్దమ్మ వాళ్ల కందిచేను. కొడుకులిద్దరూ ప్లాట్లు చేసి అమ్మేశారు. చేను పోయాక ఎడ్లతో పనేముందని వాటినీ అమ్మేశారు. ఆమెకు మాత్రం పొద్దున్నే లేచి చేను చూసుకు రావడం అలవాటు పోలేదు. పాత ఊళ్లోని ఇంట్లోంచి చేతికర్ర పట్టుకుని బయలుదేరి వచ్చేది. చూసుకోవడానికి చేను లేకపోయేసరికి మమ్మల్ని చూసుకునేది.

"మీ వంటింటి కాడ మంచి కంది కాసేది బిడ్డా," అనేది, ఇప్పుడేం కాస్తోంది అన్నట్టు పొయ్యి వైపు చూస్తూ.

మాట కన్నా ముందు ఆమె చెయ్యి వచ్చేది. పరిచయం చేసుకుందామని నమస్కారం పెడితే మనం జోడించిన చేతుల్లోంచి ఒకటి లాక్కుని మణికట్టు చుట్టూ వేళ్లు తిప్పి చూసేది. పక్క వీధిలో కొత్తకోడలు దిగితే అందరూ నగలు చూస్తుంటే, ఈమె ఆ పిల్ల జబ్బ పట్టుకుని చూసి, "మంచిగ తిని పెరిగిన పిల్ల" అని వియ్యాలవారి ముందే చెప్పింది. మా ఆయన్ని తొలిసారి చూసినప్పుడు వీపు మీద అరచెయ్యి వేసి కిందికి రాసి, "సారు, అన్నమైతే తింటున్నవ్. ఒంటవడ్తలేదు" అంది. మా ఆయన వారం పాటు ఆ మాట మర్చిపోలేదు.

అప్పట్లో మా ఇంట్లో ఒక పమేరియన్ కుక్క ఉండేది. పేరు జిమ్మీ. తెల్లగా, గుండ్రంగా, దూది మూటలా ఉండేది. మా ఆయన పైఆఫీసరు బదిలీ మీద వెళుతూ దాన్ని మాకిచ్చి వెళ్లాడు. మాకప్పటికి పిల్లల్లేరు. మా ఆయన ఎనిమిదింటికి వెళితే రాత్రి ఏడుకు గానీ రాడు. చుట్టూ హద్దురాళ్లు. పలకరిద్దామంటే మనిషి కనపడడు. నేను ఉప్మా చేస్తే జిమ్మీకో గిన్నెడు. దోసెలు పోస్తే మొదటిది దానికే. మధ్యాహ్నం పెరుగన్నం, నాలుగింటికి బిస్కట్లు, ఆయన వచ్చాక మాతోపాటు మళ్లీ భోజనం. మాట్లాడుతూ పెట్టేదాన్ని, పెడుతూ మాట్లాడేదాన్ని. అది నా మాటలకు చెవులు నిక్కించి వినేది. వినేది నా మాటల్నో గిన్నె చప్పుడునో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఒకరోజు పొద్దున నేను గేటు దగ్గర ముగ్గు వేస్తుంటే పెద్దమ్మ ఆగి, లోపల పడుకున్న జిమ్మీని చూసింది.

"ఏందమ్మ, గీ కుక్క గింత బలిసింది?"

నాకు తల కొట్టేసినట్టయింది. మా వైపు ఆ మాట తిట్టు. ఒళ్లు పొగరెక్కినవాళ్లను అంటారు.

"మా కుక్క మిమ్మల్నేం చేసిందండీ?" అన్నాను.

"నన్నేం చేస్తది? గేటు దాక రానీకెనే దమ్ము తీస్తున్నది."

ముగ్గు సగంలో వదిలేసి లోపలికి వెళ్లిపోయాను. సాయంత్రం మా ఆయన రాగానే కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పాను. ఆయన బూట్లు విప్పుతూ నవ్వాడు. "ఒళ్లు చేసింది అనడానికి వాళ్లు అలా అంటారే. ఎడ్లను, గొర్రెలను అంటారు. అందులో తప్పేం లేదు. అయినా మన జిమ్మీ లావేం కాదు. అదంతా బొచ్చు."

ఆ మాట నాకు బాగా నచ్చింది. అదంతా బొచ్చు.

మూడు రోజులు ఆమె గేటు ముందు నుంచి వెళుతుంటే తలుపు చాటుకు వెళ్లాను. నాలుగో రోజు తనే గేటు తీసుకుని వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"అలిగినవా?"

"అదేం లేదండీ. మా కుక్క లావు కాదు. బొచ్చు అంతే."

"ఉన్ని చూసి గొర్రెను కొనొద్దు బిడ్డా. ఇగో, పిడికిలి బిగవట్టు."

ఎందుకో తెలియకుండానే పిడికిలి బిగించాను. నా రెండో చేతి వేళ్లను పట్టుకుని పిడికిలి కణుపుల మీద రాయించింది. ఎముకలు గట్లుగట్లుగా తగిలాయి.

"జీవం పక్కటెముకల మీద చెయ్యేస్తె గిట్ల తలిగితె, దానికి కడుపుకు లేదన్నట్టు. ఇగ చెయ్యి చాపు. అరచేతి ఎనక మీద రాయి. ఎముక కనవడ్తలేదు గని తెలుస్తున్నది కద? గట్లుండాలె. కుక్కైనా ఎద్దైనా. ఇప్పుడు చెయ్యి తిప్పు. బొటనేలి కింద మెత్త ఉంది చూడు, ఆడ వత్తు. ఎముక ఏడుంది?"

"తెలియట్లేదు."

"మీ కుక్క గది."

జిమ్మీని పిలిచింది. అది వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. బొచ్చులోకి నా వేళ్లు దూర్పించి పక్కల మీద పెట్టింది. వెతికాను. అటూ ఇటూ జరిపాను. పిండిముద్దలో పోగొట్టుకున్న ఉంగరాన్ని వెతుకుతున్నట్టు ఉంది. పక్కటెముక ఒక్కటీ దొరకలేదు.

"మీద నుంచి చూస్తె నడుము కాడ లోపలికి పోవాలె. పక్క నుంచి చూస్తె పొట్ట ఎనక కాళ్ల దిక్కు మీదికెక్కాలె. మరి దీనికి నడుమేది?"

"బొచ్చులో ఉంటుందండీ," అన్నాను, ఆశ చావక.

"అయితె తడుపు."

బకెట్ నీళ్లు తెచ్చి జిమ్మీ మీద పోశాం. తడిస్తే సగమవుతుందని నేను ధైర్యంగానే ఉన్నాను. బొచ్చంతా ఒంటికి అంటుకుపోయింది. కుక్క మాత్రం ముందెంత ఉందో అంతే ఉంది. రోలుకు నాలుగు కాళ్లు పెట్టినట్టు నిలబడి మా ఇద్దరి వంకా చూసి, ఒళ్లు విదిలించుకుని, ఇంత కష్టపెట్టినందుకు ఏమన్నా పెడతారేమో అని వంటింటి వైపు నడిచింది.

ఆ సాయంత్రం మా ఆయనకు చెబితే ఆయన ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. ఆయన పనిచేసేది తూనికలు, కొలతల ఆఫీసులో. "చేత్తో తడిమి చెప్పడం ఏంటే? నీ చెయ్యి వేరు, నా చెయ్యి వేరు. ప్రమాణం ఉండాలి. ఆదివారం తూకం వేయిద్దాం," అన్నాడు.

ఆదివారం పెద్దమ్మను కూడా రమ్మని, జిమ్మీని చంకనెత్తుకుని, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఉన్న కట్టెల డిపోకి తీసుకెళ్లాడు. అక్కడ దూలానికి వేలాడదీసిన పెద్ద కాటా ఉండేది. ఒక తట్టలో కట్టెలు, ఒక తట్టలో ఇనపరాళ్లు. కట్టెల తట్టలో జిమ్మీని కూర్చోబెట్టాం. అది ఉయ్యాల అనుకుని తోకాడించింది. కట్టెలు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లంతా చుట్టూ మూగారు. డిపో యజమాని ఒక్కో రాయీ వేసి, ముల్లు నిలబడ్డాక, "తొమ్మిది కిలోలు సార్" అన్నాడు. మా ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

"కుక్కను తూకమేపిచ్చేటోళ్లను గిప్పుడే చూస్తున్న," అన్నాడు యజమాని నవ్వుతూ. "సారు ఏడ పనిచేస్తరు?"

మా ఆయన పెన్ను జేబులో పెట్టుకుంటూ కాస్త గొంతు సవరించుకుని చెప్పాడు. "తూనికలు, కొలతల ఆఫీసులో."

యజమాని మొహంలో నవ్వు ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. తట్టలోని రాళ్ల వంక, మా ఆయన వంక చూశాడు.

"ఒక్క నిమిషం సార్. గీ రాళ్లు కట్టెలకు. కుక్కలకు వేరే ఉన్నయ్."

లోపలికి పరిగెత్తి, గోనెసంచిలో చుట్టి ఉన్న ఇంకో జత రాళ్లు మోసుకొచ్చాడు. వాటి మీద ముద్రలు మెరుస్తున్నాయి. వాటితో తూస్తే జిమ్మీ ఎనిమిది కిలోలు ఉంది.

చుట్టూ ఉన్న జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. అంతవరకు కొనుక్కున్న కట్టెలన్నీ వాళ్లకు గుర్తొస్తున్నట్టున్నాయి. పెద్దమ్మ కర్ర మీద గడ్డం ఆనించి, "సారు, రెండు నిమిషాల్ల కిలో తగ్గింది. రోజు గీడికే తోల్కరా," అంది.

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన జిమ్మీని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూ, "సరే, ఎనిమిది కిలోలు. అది ఖాయం," అన్నాడు.

"ఎనిమిదైతె మంచిదా, చెడ్డదా?" అని అడిగింది పెద్దమ్మ.

ఆయన జేబులోంచి పుస్తకం తీసి చూశాడు. ఎనిమిదని తెలుసు. ఎంతుండాలో తెలియదు. అదే ఎత్తున్న ఇంకో కుక్క ఎముకలు సన్నమైతే ఏడే ఎక్కువ కావచ్చు, మోటువైతే తొమ్మిదీ తక్కువే కావచ్చు.

"తూకం అమ్మేటోళ్లకు, కొనేటోళ్లకు సారు. సాదుకునేటోళ్లకు చెయ్యి సాలు," అంది ఆమె.

ఆ రాత్రి అన్నం తిన్నాక మా ఆయన చొక్కా విప్పి, నేను చూడట్లేదనుకుని, ఒకసారి పిడికిలి మీద, ఒకసారి తన పక్కటెముకల మీద వేళ్లు రాసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాటి నుంచి పెద్దమ్మ రాజ్యం మొదలైంది. జిమ్మీకి రోజుకు రెండు పూటలే. నెయ్యి లేదు, బిస్కట్టు లేదు, దోసె అసలే లేదు. సాయంత్రం అయిదింటికి నడక. నడిపించడానికి తనే వచ్చేది. మా కాలనీ నుంచి ఎల్బీ నగర్ చౌరస్తా దాకా, మళ్లీ వెనక్కి. మొదటి వారం జిమ్మీ పది గజాలకోసారి రోడ్డు మీద కూర్చునేది. లాగితే కూర్చున్న భంగిమలోనే జరిగొచ్చేది. "లే కొడుకా, లే. కూసుంటె కరుగుతదా?" అని ఆమె కర్రతో నేలను తట్టేది. అది ఒక్క ఆమె మాటకే లేచేది.

నిజం చెప్పాలంటే ఆ నడకతో జిమ్మీ కన్నా ఎక్కువ బాగుపడింది నేను. దారి పొడుగునా ఆమె చెప్పే మాటలు వింటూ ఆ ప్రాంతం తెలిసింది. ఏ బావిలో నీళ్లు తియ్యగా ఉంటాయో, మీర్‌పేట వైపు ఏ దారిన పోతే దగ్గరో, ఎవరి గోడ ఎవరి హద్దులోకి జరిగిందో. దారిలో ఇళ్ల ముందు నిలబడ్డ ఆడవాళ్లు పలకరించేవాళ్లు. "ఎట్లున్నది మీ కుక్క, తగ్గిందా?" అని అడిగేవాళ్లు. కుక్క పేరుతో నాకు నలుగురు స్నేహితులు దొరికారు. సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. ఈ ముసలావిడకు నా మీద ఎంత అభిమానమో అనుకునేదాన్ని.

చౌరస్తాకు చేరగానే ఆమె గొలుసు తన చేతిలోకి తీసుకునేది. "నువ్వు పొయ్యి కూరగాయలు తెచ్చుకో. దీన్ని నేను వట్టుకుంట." నేను కూరగాయల వాళ్ల దగ్గర బేరమాడి తిరిగి వచ్చేసరికి పావుగంట పట్టేది. ఆ పావుగంటా వాళ్లిద్దరూ కల్వర్టు గోడ దగ్గర కూర్చుని ఉండేవాళ్లు.

నెల గడిచింది. జిమ్మీ తగ్గలేదు. నేను రోజూ బొచ్చులో చెయ్యి పెట్టి వెతుకుతున్నాను. బొటనవేలి కింది మెత్తే తగులుతోంది. పెద్దమ్మను అడిగితే, "తగ్గుతది, జర ఓపిక వట్టు," అని ఎటో చూసేది. అది ఆమె తీరు కాదు. ఆమె ఏ ప్రాణి గురించి మాట్లాడినా దాని వంకే చూసి మాట్లాడుతుంది.

నేను మా ఆయన్ని అనుమానించాను. ఆయన చాటుగా బిస్కట్లు పెడుతున్నాడని డబ్బాను బీరువాలో దాచాను. ఆయన నన్ను అనుమానించి, నేను దోసెలు పోస్తుంటే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. జిమ్మీకి పెట్టలేక మేమూ దాని ఎదుట తినడం మానేశాం. ఆ నెల మా ఇంట్లో కుక్క తప్ప అందరం చిక్కాం.

ఒకరోజు సాయంత్రం మబ్బు పట్టింది. నేను వెళ్లేసరికి కూరగాయల వాళ్లు బుట్టలెత్తేసి వెళ్లిపోతున్నారు. ఉత్త సంచీతో వెంటనే వెనక్కి తిరిగాను. కల్వర్టు పక్కన ఒక ఒంటెద్దు బండి ఆగి ఉంది. ఇసుక బండి. బండి అతను పక్కన నిలబడి బీడీ కాలుస్తున్నాడు. పెద్దమ్మ కొంగులోంచి జొన్నరొట్టె ముక్క తీసి, బెల్లం అద్ది, ఎద్దు నోటికి అందిస్తోంది. తెల్లటి పెద్ద ఎద్దు. ముసలిది. మూపు మీద చర్మం కాయకాసి నల్లబడింది. అది రొట్టె నములుతూ ఆమె భుజం మీద మూతి ఆనించి ఉంది. కింద మా జిమ్మీ వెనక కాళ్ల మీద కుదురుగా కూర్చుని ఉంది. ఎద్దుకో ముక్క, జిమ్మీకో ముక్క. వాటి మధ్య వంతుల గురించి ఎప్పటి నుంచో ఒప్పందం ఉన్నట్టుంది.

ఆమె నన్ను చూసింది. చేతిలోని ముక్కను ఎటు ఇవ్వాలో తోచక కాసేపు అలాగే పట్టుకుంది.

"దానికి పెట్టకుంటె మొరుగుతది బిడ్డా. ఎద్దు బెదురుతది," అంది.

ఆమే చెప్పింది. తన ఆఖరు జతలో ఎద్దు అది. రెండోది పోయింది. ఆమె కూతురింటికి వెళ్లినప్పుడు కొడుకులు ఈ జతను పశువుల అంగడిలో అమ్మేశారు. వచ్చి చూస్తే కొట్టం ఖాళీ. తర్వాత ఎండాకాలంలో ఒకనాడు చౌరస్తాలో బస్సు దిగితే ఇది ఇసుక బండికి కట్టి కనిపించింది.

"ముందుగాల అదే గుర్తువట్టింది నన్ను. దగ్గరకు పొయ్యి పక్కల మీద చెయ్యేసిన. పిడికిలి తలిగింది," అని తన పిడికిలి బిగించి చూపించింది.

"మరి ఈ నడక..." అన్నాను.

"నేను ఒక్కదాన్నే దినాం గీడికి వస్తె కొడుకులు అడుగరా? ప్లాట్లమ్మినోళ్ల తల్లి రోడ్డు మీద నిలవడి ఎద్దుకు రొట్టె పెడుతున్నదంటె వాళ్ల ఇజ్జత్ పోతదట. ఒకపారి లొల్లి అయింది. ఆంధ్రోళ్ల కుక్కను తిప్పనీకె పోతున్న అంటె ఎవ్వరు ఏమనరు."

నాకు కోపం వచ్చింది. జిమ్మీ గురించి కాదు. నెల రోజులుగా ఆమె నా కోసం వస్తోందనుకున్నాను. గొలుసు లాక్కుని రెండడుగులు వేశాను. జిమ్మీ రాలేదు. ఎద్దు వంతు అయిపోయింది, ఇప్పుడు తనదే.

వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "నువ్వు జిమ్మిగానికి ఎందుకు పెట్టినవో నాకెరుక. నేను దీనికి ఎందుకు పెడుతున్ననో నీకెరుక. ఇగ నడువు బిడ్డా, వానొస్తది."

చేతిలో ఉన్న ముక్క జిమ్మీకి ఇచ్చేసి, ఎద్దు మెడ కింద గీరి, ఆమె ముందు నడిచింది. వాన మొదలైంది. గేటు దగ్గర ఆమె తన తడిసిన కొంగు పిండుకుంటుంటే, "రేపు అయిదింటికేగా?" అని అడిగాను. "మరింకెప్పుడు?" అంది.

మా ఆయనకు చెప్పాను. మర్నాడు ఆయన ఆఫీసు నుంచి పెందలాడే బయలుదేరి, ఇంటికి రాకుండా, సంచి భుజాన ఉండగానే నేరుగా చౌరస్తాకు వచ్చాడు. ఎద్దు దగ్గరికి వెళ్లి, పొడుస్తుందేమోనని కాస్త దూరంగా నిలబడి, చెయ్యి చాపి పక్కటెముకల మీద పెట్టాడు. తర్వాత ఆ చేతిని పిడికిలి బిగించి చూసుకున్నాడు.

"ఇది ఇంక ఎన్నాళ్లు లాగుతుంది?" అని బండి అతన్ని అడిగాడు.

"లాగుతలేదు సార్. వానలు వోయినంక అంగడికి కొట్టుకపోత," అన్నాడతను. ఇంత ముసలి ఎద్దును అంగడిలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో అక్కడున్న అందరికీ తెలుసు. పెద్దమ్మ రొట్టె పెట్టడం ఆపలేదు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటి వెనక స్థలం ఖాళీగానే ఉంది. ఇంకో గది వేయడానికి ఇప్పట్లో కుదరదు కూడా."

ఆమె ఆయన వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఒక మనిషిని ఒంటవడ్తలేదని తీసిపారేసి, తన అంచనా తప్పయినందుకు సంతోషపడుతున్న చూపు అది. బండి అతనితో ఏం మాట్లాడుకుందో, ఏం కుదుర్చుకుందో మాకు చెప్పలేదు. మూడో రోజు పొద్దున ఎద్దును తోలుకొచ్చింది. మా గేటు పట్టకపోతే ఒక రెక్క ఊడదీశాం.

రెండు రోజులకు కాలనీ సంఘం వాళ్లు నలుగురు వచ్చారు. "ఏంటండీ, ఇంట్లో వ్యవసాయం మొదలెట్టారా? రూల్స్ ఒప్పుకోవు," అన్నారు. మా ఆయన కాలనీ నిబంధనల కాగితం తెచ్చి వాళ్ల ముందు పెట్టాడు. "కోళ్ల గురించి ఉంది. మేకల గురించి ఉంది. ఎద్దు గురించి లేదు. రాత్రే చూశాను," అన్నాడు. వాళ్లు ఆ కాగితాన్ని ఒకరి తర్వాత ఒకరు చదివి వెళ్లిపోయారు.

ఆ తర్వాత జిమ్మీ సంగతి మేం పట్టించుకోనక్కర్లేకపోయింది. ఎద్దు మీద వాలే కాకుల్ని తరమడం తన ఉద్యోగం అనుకుంది అది. పొద్దున లేచింది మొదలు దాని చుట్టూ పరుగే. ఎద్దు కోసం పెద్దమ్మ తెచ్చే రొట్టెల్లో దానికి ఇప్పుడు ముక్క కూడా లేదు, ఎద్దును బెదిరించే మొరుగుడు ఎప్పుడో మానేసింది కాబట్టి. శీతాకాలానికి ఒకరోజు దాన్ని దువ్వుతుంటే నా వేళ్ల కింద ఏదో సన్నగా, వరసగా తెలిసింది. భయపడి పెద్దమ్మను పిలిచాను. ఆమె చెయ్యి పెట్టి చూసి, నా చేతిని లాగి అరచేతి వెనక వైపు చూపించి, మళ్లీ ఎద్దు దగ్గరికి వెళ్లిపోయింది. నేను దాన్ని పైనుంచి చూశాను. నడుముంది. మా ఆయన సంతోషం పట్టలేక కట్టెల డిపోకి తీసుకెళదామన్నాడు. నేనే వద్దన్నాను.

ఎద్దు కూడా తేరుకుంది. బాగా కండ పట్టిందని కాదు. పక్కల మీద చెయ్యి వేస్తే పిడికిలి తగలకుండా పోయింది. కొడుకులకు సంగతి తెలిసింది. లొల్లి చేయడానికే వచ్చారు. ఎద్దు వాళ్లను చూసి లేచి నిలబడి ముందుకు వచ్చేసరికి, కాసేపు దాని గంగడోలు నిమిరి వెళ్లారు. మరుసటి వారం నుంచి గడ్డి మోపు వాళ్ల మోటారుసైకిల్ మీదే వచ్చేది.

అలా రెండు వానాకాలాలు గడిచాయి. రెండో ఏడు వానల చివర ఒక సాయంత్రం పెద్దమ్మ ఎద్దు ఒళ్లంతా ఎప్పటికన్నా నెమ్మదిగా తడిమి, చేతులు కడుక్కుని, మా ఆయనతో "రేపు ఆఫీసుకు పోకు సారు," అంది. ఎందుకని ఆయన అడగలేదు. పొద్దున మేం లేచేసరికి ఎద్దు పక్కకు ఒరిగి ఉంది. జిమ్మీ దాని ముందు కాళ్ల మధ్య కూర్చుని ఉంది. పాత ఊరు నుంచి నలుగురు మనుషులు వచ్చి అక్కడే పెద్ద గుంట తవ్వారు. కొడుకులిద్దరూ చొక్కాలు విప్పి తలో చెయ్యి వేశారు. పెద్దమ్మ పసుపు, కుంకుమ పెట్టింది. ఏడవలేదు. మేమూ ఆమె ముందు ఏడవలేకపోయాం.

మర్నాడు మా ఆయన ఆఫీసులో సెలవు చీటీ రాయాల్సి వచ్చింది. కారణం దగ్గర ఏం రాయాలో తోచలేదట. చివరికి "దగ్గరి బంధువు మరణించినందున" అని రాసి ఇచ్చాడు.

ఆ సాయంత్రమే ఆయనతో పనిచేసే ముగ్గురు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి, దారి అడుక్కుంటూ పరామర్శకు వచ్చారు. మొహాలు దించుకుని వరండాలో కూర్చున్నారు. పెద్దమ్మ మెట్టు మీద, జిమ్మీని పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె వాలకం చూడగానే దుఃఖంలో ఉన్నది ఈవిడే అని వాళ్లకు తెలిసిపోయింది.

"పోయింది ఎవరండీ?" అని ఒకాయన మెల్లగా అడిగాడు.

మా ఆయన పెద్దమ్మ వంక చూశాడు.

"మా పెద్దోడు," అంది పెద్దమ్మ.

"అయ్యో. ఏం చేసేవాడమ్మా?"

"ఎవుసం. ఎనక జర ఇసుక పని చేసిండు."

"వయసెంత?"

"పద్దెనిమిది నిండినయ్."

ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. ఒకాయన జేబురుమాలు తీశాడు. "పెళ్లి కూడా అయి ఉండదు."

"ఆ రాత లేకుండె," అంది ఆమె.

"జబ్బేమన్నా చేసిందా అమ్మా?"

"ఏం లేదయ్యా. మంచిగ తిన్నడు. పండుకున్నడు. లేవలే."

నేను కాఫీ వంకతో లోపలికి పారిపోయాను. మా ఆయన తల నేలకు దించి కూర్చున్నాడు. భుజాలు కదులుతుంటే వాళ్లలో పెద్దాయన లేచి ఆయన వీపు నిమిరాడు. "మనసు దిటవు చేసుకోవాలండీ. పెద్దావిడే అంత నిబ్బరంగా ఉంది," అన్నాడు. కాఫీ తాగి, వెళ్లేముందు ముగ్గురూ ఆమెకు చేతులు జోడించారు. ఆమె కూడా లేచి నిలబడి జోడించింది.

వాళ్లు మలుపు తిరిగే వరకు ముగ్గురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ముందు ఆమే నవ్వింది. తర్వాత మా ఆయన, తర్వాత నేను. గోడలు పట్టుకుని నవ్వాం. "ఇసుక పని" అని మా ఆయన అంటాడు, మళ్లీ నవ్వుతాం. నవ్వీ నవ్వీ ఆమె మెట్టు మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మేమింకా నవ్వుతూనే ఉన్నాం. ఆమె భుజాలు కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి ముందు మా ఆయన నవ్వడం ఆపాడు. తర్వాత నేను ఆపాను. ఆయన వెళ్లి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె కొంగు తీసేసరికి వీధి దీపాలు వెలిగాయి.